రీబ్రీదర్ సీజన్‌కి ముందు: లాగ్‌లో ఆక్సిజన్ సెల్స్ డేటా విషయంలో జాగ్రత్తలు

రీబ్రీదర్ అంటే వదిలిన ఊపిరిని శుభ్రం చేసి, ఆక్సిజన్ కలిపి మళ్లీ పీల్చుకోనిచ్చే డైవింగ్ పరికరం, అందులో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే సెన్సార్లే సెల్స్. సీజన్ మొదలయ్యే ముందు సెల్స్ తేదీలు చూసుకుంటాం, ఓ-రింగులు (లీకు కాకుండా ఆపే రబ్బరు రింగులు) మార్చుకుంటాం. అప్పుడే డైవ్‌ల రికార్డు ఉంచే లాగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, పాత డైవ్‌లలో ఒక్కో సెల్ ఎలా నడిచిందో కూడా చూడండి. చాలా సెల్స్ ఒక్కసారిగా చావవు, మెల్లగా బలహీనపడతాయి, ఆ సంగతి మీ గ్రాఫుల్లో ముందే కనిపించే అవకాశం ఉంది. కాకపోతే ఆ డేటా చెడిపోకుండా ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, మూడు సెల్స్ రీడింగులూ విడివిడిగా ఉండాలి. సగటు ఒక్కటే ఉంచుకుంటే అసలు విషయమే పోతుంది. పాతబడిన సెల్ గాలిలో బాగానే చూపించి, పీపీఓ2 (ఆక్సిజన్ పాక్షిక పీడనం) పెరిగేసరికి ఒక హద్దు దగ్గర ఆగిపోవచ్చు. అది 1.2 బార్ దగ్గర ఆగిందనుకోండి, మీ సెట్‌పాయింట్ (కంట్రోలర్ నిలబెట్టాల్సిన పీపీఓ2) 1.3. రెండు సెల్స్ అలాగే ఆగిపోతే ఓటింగ్‌లో (ఎక్కువ సెల్స్ చెప్పిందే నిజమనుకునే పద్ధతిలో) అవే గెలుస్తాయి, సరిగ్గా చెబుతున్న మూడోదాన్ని కంట్రోలర్ పక్కన పెట్టేస్తుంది, ఇంకా 1.3 రాలేదనుకుని ఆక్సిజన్ వేస్తూనే ఉంటుంది. లూప్‌లో (మీరు పీల్చే గ్యాస్ తిరిగే దారిలో) అసలు పీపీఓ2 1.6 దాటిపోతున్నా సగటు గీత మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. అందుకే ఏ సెల్ గీతకైనా పైభాగం కత్తిరించినట్టు చదునుగా ఉంటే, మిగతా రెండూ ఒకే మాట చెబుతున్నా సరే, దాన్ని వదిలేయకండి. ఒంటరిగా పైకి పోయిన గీతే నిజం చెబుతూ ఉండొచ్చు. సబ్‌సర్ఫేస్ అనే లాగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో సెన్సార్ గీత చూడాలంటే ప్రిఫరెన్సెస్‌లో దాని ఆప్షన్ ఆన్ చేసుకోవాలి.

రెండోది సున్నా. రీడింగ్ లేకపోవడం వేరు, రీడింగ్ సున్నా రావడం వేరు. కేబుల్ ఊడిన సెల్‌కి సాఫ్ట్‌వేర్ 0 రాసి, దాన్ని సగటులో కలిపితే గ్రాఫ్‌లో పీపీఓ2 ఉన్నదానికంటే బాగా తక్కువగా కనిపిస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేశాక ఖాళీ గడులు ఖాళీగానే ఉన్నాయో లేదో ఒక్కసారి చూడండి.

యూనిట్లూ అంతే. 1.3 బార్‌ని ఒక ఫైల్ 1300 మిల్లీబార్ అంటుంది, ఇంకోటి 130 కిలోపాస్కల్ అంటుంది. ఇంపోర్ట్ అయ్యాక మీకు బాగా గుర్తున్న డైవ్ ఒకటి తీసి అంకెలు పోల్చండి.

వీలైతే సెల్ నేరుగా ఇచ్చే మిల్లీవోల్టులు కూడా దాచుకోండి, ఎందుకంటే పీపీఓ2 అనేది క్యాలిబ్రేషన్‌తో లెక్కకట్టిన అంకె, క్యాలిబ్రేషన్ తప్పితే డైవ్ మొత్తం తప్పే. గాలిలో 10 మిల్లీవోల్టులు ఇచ్చే సెల్, సముద్రమట్టంలో స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో 48 దగ్గరికి రావాలి, 6 మీటర్ల లోతులో లూప్‌ని ఆక్సిజన్‌తో ఫ్లష్ చేస్తే (పాత గ్యాస్ తోసేసి నింపితే) 76 దగ్గరికి. అంతవరకూ ఎక్కడం లేదంటే ఆ సెల్ తీసేయండి, ఇంకో రెండు డైవ్‌లు లాగుదామనుకోకండి. సెల్ మార్చిన రోజు దాని సీరియల్ నంబర్, తయారీ తేదీ నోట్స్‌లో రాయండి. లేకపోతే "సెన్సార్ 2" అంటే ఏ సెల్లో ఆరు నెలల తర్వాత ఎవరికీ తెలియదు.

డైవ్ మోడ్ కూడా చూడండి. రీబ్రీదర్ డైవ్ ఓపెన్ సర్క్యూట్‌గా (ఊపిరిని నీళ్లలోకి వదిలేసే మామూలు స్కూబాగా) పడితే సాఫ్ట్‌వేర్ వేసే డెకో (పైకి వచ్చేటప్పుడు ఆగాల్సిన సమయం), సీఎన్ఎస్ (నాడీ వ్యవస్థపై ఆక్సిజన్ విష ప్రభావం) లెక్కలు రెండూ పనికిరావు. సెల్స్‌కి కనెక్ట్ కాని బ్యాకప్ కంప్యూటర్ నుంచి వచ్చిన ఫైల్‌లో ఉండేది సెట్‌పాయింట్ మాత్రమే, అది కొలిచిన విలువ కాదు. రెండు కంప్యూటర్ల డైవ్‌లను మెర్జ్ చేసేటప్పుడు ఏ గీత ఎక్కడిదో చూసుకోవాలి, గడియారాలు కలవకపోతే ఆ తేడా ముందు సరిచేయాలి.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసే ముందు బ్యాకప్ తీసుకోండి. కంప్యూటర్ నుంచి దిగిన ఒరిజినల్ ఫైల్‌ని ముట్టుకోకుండా ఉంచండి, వింత రీడింగులు కనిపిస్తే గ్రాఫ్ అందం కోసం చెరిపేయకండి, రేపు ఏదైనా జరిగితే దర్యాప్తుకి కావాల్సింది అవే. ఇంకోటి, పోయిన నెల లాగ్ శుభ్రంగా ఉందని ఈరోజు సెల్ బాగున్నట్టు కాదు. నీళ్లలో అనుమానం వస్తే తెలిసిన డైల్యుయెంట్‌తో (లూప్‌లో ఆక్సిజన్‌ని పలచబరిచే గ్యాస్‌తో) ఫ్లష్ చేసి చూడండి, తేడా ఉంటే బెయిలవుట్‌కి (అత్యవసరానికి ఉంచుకున్న విడి గ్యాస్‌కి) వెళ్లిపోండి.