చిన్న ఆఫీసుకి నెట్‌వర్క్, 4వ పాఠం: వైరు లాగినా స్లోగానే ఉందా?

కదలని వాటికి వైరు, కదిలే వాటికి వైఫై అని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. టాలీ డేటా ఉన్న సిస్టమ్, బిల్లింగ్ కౌంటర్, ప్రింటర్, సీసీటీవీ రికార్డర్ వైరు మీద, ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ వైఫై మీద. తీరా కేబుల్ లాగించాక చాలామంది "వైఫైయే స్పీడుగా వస్తోందండీ, వైరుకి పెట్టిన డబ్బులు దండగ" అంటున్నారు. అందుకే వైఫై ఛానెళ్ళ సంగతి వచ్చే పాఠానికి జరిపాను, ముందు ఇది తేల్చుకుందాం.

విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్నెట్‌లోకి వెళ్ళి లింక్ స్పీడ్ చూడండి. 1000 (ఎంబీపీఎస్, అంటే సెకనుకి ఇన్ని మెగాబిట్లు, దీన్నే గిగాబిట్ అంటారు) ఉంటే సరే. 100 ఉంటే మాత్రం, మంచి 5 గిగాహెర్ట్జ్ వైఫై దాన్ని దాటేస్తుంది, అందులో వింతేం లేదు. కేబుల్ లోపల రెండేసి తీగల్ని మెలేసిన 4 జతలు, మొత్తం 8 తీగలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కి 4 తీగలు చాలు, 1000కి 8 తీగలూ కావాలి, కాబట్టి బ్లూ జతలోనో బ్రౌన్ జతలోనో ఒక్క తీగ అందకపోయినా చాలాసార్లు నెట్ ఆగదు, చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. కేబుళ్ళన్నీ కలిసే స్విచ్ డబ్బా 10/100ది (100 దాటనిది) అయినా ఇదే కథ, దాన్ని మార్చడమే.

ఇక నాకు ఒళ్ళుమండే విషయం. "రెండు చివర్లా ఒకే వరసలో పెడితే చాలు, ఏ రంగైతే ఏంటి" అని క్రింపింగ్ చేసేస్తారు, అంటే తీగల్ని కనెక్టర్‌లో దూర్చి నొక్కేస్తారు. చాలదండీ! కనెక్టర్‌లో 3, 6 పిన్నులకి వెళ్ళే రెండు తీగలూ ఒకే మెలికలోవి అయుండాలి, ఆ మెలిక ఉంటేనే పక్క జత సిగ్నల్ ఇందులోకి దూరదు. ఆరెంజ్, గ్రీన్, బ్లూ, బ్రౌన్ అని జతలన్నీ వరసగా పేర్చేస్తే 3లో తెల్ల గ్రీన్ (గ్రీన్ చార ఉన్న తెల్ల తీగ), 6లో బ్లూ పడతాయి, అంటే ఒక జతని విడదీసి రెండు చోట్ల పెట్టినట్టు. మామూలు కేబుల్ టెస్టర్‌లో 1 నుంచి 8 దాకా లైట్లన్నీ బ్రహ్మాండంగా వెలుగుతాయి, ఎందుకంటే అది తీగ అందిందా లేదా అనే చూస్తుంది, మెలిక చూడదు. చిన్న ముక్కైతే పనిచేసేస్తుంది, గోడ చుట్టూ తిప్పిన 30 మీటర్లలో డేటా పాడై మళ్ళీ మళ్ళీ పంపుకుంటూ కూర్చుంటుంది. వరస ఇదీ: తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల గ్రీన్, బ్లూ, తెల్ల బ్లూ, గ్రీన్, తెల్ల బ్రౌన్, బ్రౌన్. మెలిక కూడా కనెక్టర్ దగ్గర ఒక సెంటీమీటరుకి మించి విప్పకండి.

కేబుల్ కొనేటప్పుడు నేనైతే తీగ కొసని బ్లేడుతో గీకి చూస్తాను, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, ఎంత చవకైనా తీసుకోను.

అభ్యాసం: ఆఫీసులో ప్రతి పాయింటు లింక్ స్పీడూ కాగితం మీద రాయండి. తర్వాత వైరు మీదున్న రెండు సిస్టమ్‌ల మధ్య 1 జీబీ ఫైలు కాపీ చేసి టైము చూడండి, గిగాబిట్ అయితే సుమారు 10 సెకన్లు, 100 అయితే నిమిషంన్నర. పాత హార్డ్‌డిస్క్ ఉంటే ఇంకాస్త పడుతుంది. నిమిషం దాటిన ప్రతి పాయింటుకీ రెండు చివర్లూ కోసి కొత్త కనెక్టర్లు వేసి మళ్ళీ కొలవండి.