ఇది ఎవరి వైపు కథ? పాఠకుడు తికమక పడుతుంటే

సమస్య: ఇద్దరు ముగ్గురి వైపు నుంచి కథ చెప్పారు. చదివినవాళ్ళు మాత్రం "మధ్యలో ఎవరి మనసులో ఉన్నామో తెలియలేదు" అంటున్నారు.

ముందు చూడాల్సింది: ప్రతి భాగంలో మొదటి రెండు వాక్యాలు. అది ఎవరి భాగమో అక్కడే తెలిసిపోవాలి. పైన పాత్ర పేరు పెట్టాం కదా అంటే చాలదు, చాలామంది శీర్షిక చదవకుండానే దాటేస్తారు. ఈ చిన్న పని వదిలేసి, పాత్రలను తగ్గించేవాళ్ళు, కథంతా 'నేను'లోకి మార్చి తిరగరాసేవాళ్ళు ఎంతమందో! దయచేసి ముందు ఇది చూడండి.

అది సరిగ్గానే ఉంటే: అసలు చిక్కు క్రియల్లో ఉంటుంది. లలిత భాగం అనుకుందాం. ఆమె వంటింట్లో ఉంది. "రాఘవ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాడు" అని రాశారు. చూడ్డానికి తప్పేం లేదు. కానీ లలిత ఉన్నచోటికి రాఘవ 'వస్తాడు'. 'వెళ్ళాడు' అనగానే పాఠకుడు హాల్లో నిలబడి అతని వీపు చూస్తుంటాడు. పైగా అతను ఫోన్ పెట్టేయడం ఆమెకు కనబడదు. "హాల్లో మాటలు ఆగిపోయాయి. కాసేపటికి రాఘవ వంటింట్లోకి వచ్చాడు." ఇప్పుడు మనం లలిత పక్కనే ఉన్నాం.

పిలుపులూ అంతే. ఒకే మనిషి భార్య భాగంలో 'ఆయన', కొడుకు భాగంలో 'నాన్న', అన్నగారి భాగంలో 'వాడు'. కొడుకు భాగం మధ్యలో "రంగారావు కుర్చీలోంచి లేచాడు" అని పడిందా, ఆ వాక్యం కొడుకుది కాదు, రచయితది. కోపంతో కొడుకే తండ్రిని పేరుతో తలచుకుంటే వేరే సంగతి, దాన్ని ఉంచండి. రాసినవాళ్ళకు ఇవి దొరకవు, వాళ్ళకు ఇల్లంతా ఒకేసారి కనబడుతుంటుంది కాబట్టి. వ్యాకరణం సరిగ్గా ఉంటుంది గనక ప్రూఫులు దిద్దేవాళ్ళకూ దొరకవు.

పరిష్కారం: కథను వరుసగా దిద్దకండి. లలిత భాగాలన్నీ విడిగా ఒక ఫైల్లో పెట్టుకుని, అవే ఒక్క పూటలో చదవండి. వచ్చు, వెళ్ళు, తెచ్చు, తీసుకెళ్ళు కనిపించిన ప్రతిచోటా గీత గీసి, ఆ క్షణంలో లలిత ఎక్కడుందో చూసుకోండి. తర్వాత పిలుపులు. ఆ తర్వాత, ఆమెకింకా తెలియని సంగతేదైనా ఆమె ఆలోచనల్లోకి జారిందేమో చూడండి. అన్నీ అయ్యాకే రాఘవ ఫైలు తెరవండి.

ఒకే సన్నివేశం ఇద్దరి వైపు నుంచి చెబితే విసుగొస్తోందా? రెండోసారి కొత్త సంగతి లేకపోతే తీసేయండి. పాత్రలు మరీ ఎక్కువయ్యాయన్న అనుమానం ఆఖరున పెట్టుకోండి. క్రియలు, పిలుపులు సరిచేశాక చాలా కథల్లో ఆ ఫిర్యాదే రాదు.