అరకు గింజకు సరైన ధర కట్టి నెల్లూరులో కాఫీ అమ్మాలంటే

ఒంగోలులోనో, కావలిలోనో, నెల్లూరు ట్రంకు రోడ్డు మీదో కాఫీ పొడి కొట్టు పెట్టి, గింజ పండించిన గిరిజన రైతుకు అందాల్సింది అందేలా నడపాలనుకుంటున్నారా? మిషన్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు కాగితం తీసుకుని లెక్క వేయండి. కప్పు దగ్గర మొదలుపెట్టి చెట్టు దాకా వెనక్కి వెళ్లాలి.

ఆరు కిలోల ఎర్రటి పండుకు తొక్క, జిగురు, గింజ మీది పెంకు పోగా సుమారు కిలో శుభ్రమైన గింజ దిగుతుంది. దాన్ని వేపితే 150 నుంచి 200 గ్రాములు తరుగు పోతుంది. కాబట్టి కిలో పొడికి 1.2 కిలోల గింజ, అంటే 7.2 కిలోల పండు కావాలి. కప్పుకు 10 గ్రాముల పొడి వేస్తే మీరు పోసే ఒక్కో కప్పులో 72 గ్రాముల పండు ఉన్నట్టు. లెక్క కోసం పండు కిలో 60 రూపాయలనుకోండి. అప్పుడు ఇరవై రూపాయల కప్పులో పండు ఖరీదు 4 రూపాయల 32 పైసలు. రైతుకు కిలోకు ఇంకో పది రూపాయలు ఇస్తే కప్పు మీద పడే భారం 72 పైసలే. ఈ ఒక్క లెక్క గోడకు అంటించుకోండి. గిట్టదని ఎవరన్నా అంటే చూపించడానికి పనికొస్తుంది.

పొడిలో 30 శాతం చికోరీ కలిపితే కప్పులో రైతు వాటా 3 రూపాయలకు దిగుతుంది. చికోరీ గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండే దుంప. మన జనానికి ఆ చిక్కదనం అలవాటే, అడిగినవాళ్లకు కలిపి ఇవ్వండి. కాకపోతే కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, రెండింటి పాళ్లూ ప్యాకెట్ మీద రాయాలి. ఇవి రెండూ చట్టం పెట్టిన నిబంధనలే.

గింజ ఎక్కడ కొనాలి? విశాఖ కేంద్రంగా 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, పాడేరు, అరకు, చింతపల్లి వైపు రైతుల దగ్గర కాఫీ కొంటుంది. సీజనుకు ముందే కొనుగోలు ధర ప్రకటిస్తుంది. రైతుల సొంత సహకార సంఘాలూ ఉన్నాయి. సంఘం దగ్గర కొనేటప్పుడు ధర ఎంతని అడిగి ఊరుకోవద్దు. అందులో రైతు ఖాతాలో ఎంత పడింది, ఏ తేదీన పడింది అని అడిగి, ఆ సీజను చెల్లింపుల పట్టీ చూపించమనండి. మన పొగాకు రైతుకు వేలం ప్లాట్‌ఫారం మీద ఆ రోజు ధర కళ్లెదుటే కనిపిస్తుంది. కొండ మీద వారపు సంతలో దళారికి మూట విప్పే రైతుకు అలాంటి ప్లాట్‌ఫారం ఉండదు, కాబట్టి ఆ పట్టీయే మీకు ఆధారం.

బిల్లులో 'చెర్రీ' అనే మాట దగ్గర చాలామంది దెబ్బతింటారు. అప్పుడే కోసిన పండునూ చెర్రీ అంటారు, తొక్కతోనే ఎండబెట్టిన సరుకునూ చెర్రీ అంటారు. పండు కోసిన రోజే తొక్క తీసి, జిగురు పులియబెట్టి, కడిగి ఎండబెట్టినది పార్చ్‌మెంట్. దాని పెంకు తీస్తే వచ్చే గింజను 'ప్లాంటేషన్' పేరుతో ఏ, బీ, సీ గ్రేడులుగా అమ్ముతారు. కిలో పార్చ్‌మెంట్‌కు సుమారు 800 గ్రాముల గింజ వస్తుంది. ఏ దశ సరుకుకు ధర చెబుతున్నారో తేల్చుకోకుండా బయానా ఇవ్వవద్దు.

ముద్రల సంగతీ తెలిసుండాలి. 2019లో అరకు లోయ అరబికాకు (అరబికా కాఫీలో ఒక రకం) వచ్చిన భౌగోళిక గుర్తింపు గింజ ఏ నేలదో చెబుతుంది. సేంద్రియ ముద్ర ఎలా పండించారో చెబుతుంది. ఈ మూడింటిలో రైతుకు ఏ షరతుల మీద డబ్బు ఇచ్చారో చెప్పేది ఫెయిర్‌ట్రేడ్ ముద్ర, అంటే పండించినవాళ్లకు న్యాయమైన ధర కోసం పెట్టిన అంతర్జాతీయ ముద్ర, ఒక్కటే. దాని ప్రకారం 2023 ఆగస్టు నుంచి కడిగిన అరబికాకు పౌనుకు, అంటే 454 గ్రాములకు, కనీస ధర 1.80 డాలర్లు. మార్కెట్ అంతకన్నా పైన ఉంటే మార్కెట్ ధరే ఇవ్వాలి. దాని మీద ఇంకో 20 సెంట్ల ప్రీమియం సంఘానికి వెళుతుంది, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో సభ్యులే తీర్మానిస్తారు. ఈ ధర ఎగుమతి రేవు దగ్గర సంఘానికి ముట్టేది, రైతు చేతికి నేరుగా వచ్చేది కాదు. ముద్ర ఉన్నా పట్టీ అడగమనడం అందుకే.

ముద్ర లేకుండా కొన్నా ఆ పద్ధతిలో ఒక్కటి మాత్రం తప్పక పాటించండి: ముందస్తు సొమ్ము. సంఘం అడిగితే ఒప్పందం విలువలో 60 శాతం దాకా ముందే ఇప్పించాలని ఫెయిర్‌ట్రేడ్ నియమం. వానాకాలంలో చేతిలో డబ్బాడక అప్పు చేసిన రైతు, నవంబరులో కోత మొదలవగానే అప్పిచ్చినవాడు చెప్పిన ధరకే కాఫీ తూచాల్సి వస్తుంది. సెప్టెంబరులో మీరు పంపే పాతిక వేలు ఆ ముడి విప్పుతుంది. రాతకోతలు సంఘంతోనే పెట్టుకోండి.

సరుకు దింపుకునే ముందు ప్రతి సంచి నుంచీ గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పోయండి. మంచి గింజ నీలి ఛాయ కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. పంటి కింద పెట్టి కొరికితే గట్టిగా నిలవాలి. నొక్కుపడితే తేమ ఎక్కువ, బూజు పట్టడం ఖాయం. తేమ 10 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. సూది బెజ్జం కనిపిస్తే పురుగు తొలిచినట్టు. వాసన చూడండి. పుల్లటి వాసన వస్తే పండు కోశాక తొక్క తీయడం ఆలస్యమైనట్టు. ఆ పులుపు ఎంత వేపినా పోదు.

విశాఖ నుంచి ఒంగోలు, నెల్లూరుకు రైలు పార్శిలు వేసుకోవచ్చు. లారీ అయితే అంతకుముందు అందులో ఏం ఎక్కించారో కనుక్కోండి. కాఫీ గింజ పక్కనున్న వాసన పీల్చేసుకుంటుంది. ఎండు చేపలు, రొయ్యల మేత, పొగాకు మోసిన బండీ, వాటిని దాచిన గోదామూ పనికిరావు. మన జిల్లాల్లో సరుకు ఇలా పాడవకుండా చూసుకోవాలి. సంచులు చెక్కబల్లల మీద, గోడకు జానెడు దూరంలో పేర్చండి. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద ఉంచితే గింజ పాలిపోయి గడ్డి రుచి వస్తుంది. అక్టోబరు, నవంబరు వానల్లో సముద్రపు తేమ ఎక్కి బూజు లేస్తుంది. ఆ రెండు నెలలకు తక్కువ నిల్వ పెట్టుకోండి.

గింజ వేపే డ్రమ్ము రోస్టరు మిషను లేకపోతే మందపాటి ఇనుప మూకుడులో 250 గ్రాములు మించకుండా వేపండి. చెయ్యి ఆపకూడదు. గింజ పసుపెక్కి, కాల్చిన రొట్టె వాసన వచ్చి, ఎనిమిది పది నిమిషాలకు చిటపటమంటుంది. ఆ చప్పుడు సద్దుమణిగాక ఒకటి రెండు నిమిషాల్లో దింపి, చేటలో పోసి చెరుగుతూ చల్లార్చండి, పొట్టూ పోతుంది. మూకుడులోనే వదిలేస్తే లోపలి వేడికి మాడిపోతుంది. ఒక రోజు ఉంచి గింజలోని వాయువు పోనిచ్చి, ఆ తర్వాతే పొడి కొట్టండి.

డికాక్షన్‌కు 30 గ్రాముల పొడికి 150 మిల్లీలీటర్ల నీళ్లు, మరిగి దింపిన అర నిమిషానికి పోయాలి. ఉప్పు తగిలే బోరు నీళ్లయితే ఎంత మంచి గింజైనా చప్పబడుతుంది, తాగే మంచినీళ్లే వాడండి. ఫిల్టరు దిగకపోతే పొడి మరీ మెత్తగానో, చికోరీ ఎక్కువగానో ఉన్నట్టు. గబగబా దిగిపోతే బరకగా ఉన్నట్టు. చిక్కటి గేదె పాలు అరబికా వాసనను కప్పేస్తాయి, మూడు వంతుల పాలకు ఒక వంతు నీళ్లు కలిపి కాయండి.

ప్రతి సంచి నంబరూ ఒక పుస్తకంలో రాసి, రుచి ఎలా ఉందో పక్కనే నమోదు చేయండి. సీజను చివర ఆ పేజీల నకలుతోపాటు మీరు వేపిన పొడి పావు కిలో సంఘానికి పంపండి. ఏ సంచిలో పులుపు తగిలిందో తెలిస్తే, వచ్చే కోతలో ఆ ఊళ్లో తొక్క ఏ పూట తీస్తున్నారో వాళ్లే చూసుకుంటారు.