పిల్లల పేరు ఖాయం చేసే ముందు అర్థం ఎలా సరిచూసుకోవాలి?

మా బంధువుల ఇంట్లో మనవడి బారసాల. రోహిణి నక్షత్రం కాబట్టి ‘వి’తో మొదలుకావాలన్నారు. ఇంటర్నెట్‌లో వెతికి, ‘తెలివైనవాడు’ అని రాసి ఉంటే నమ్మి, పిలుపు కార్డు మీద ‘విధుర’ అని అచ్చు వేయించారు. వాళ్ల మనసులో ఉన్నది విదురుడు. ‘ద’కు ఒత్తు పడేసరికి అది భార్యను పోగొట్టుకున్నవాడి పేరైంది, ఇంకా ఊయల కూడా ఎక్కని పసివాడికి! ఇలాంటివి చూసి చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

కావలసినవి కాగితం, పెన్ను, నిఘంటువు, మొహమాటం లేకుండా మాట్లాడే ఒక పెద్దావిడ.

1. నాలుగైదు పేర్లు తెలుగు లిపిలో రాసుకోండి. మూడక్షరాలు దాటకూడదు. పొడుగు పేరు ఎలాగూ ఇంట్లో నిలవదు.

2. ప్రతి పేరునూ నిఘంటువులో చూడండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

జాబితాల్లో పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. వాటిలో ‘ద’ ఏదో ‘ధ’ ఏదో, ‘శ’ ఏదో ‘స’ ఏదో తేలదు. ‘సకల’ అంటే సమస్తం, ‘శకల’ అంటే ముక్క. అందుకే ముందు తెలుగులో రాసి, ఆ ఒత్తుతో, ఆ దీర్ఘంతోనే వెతకాలి. శబ్దరత్నాకరం ఇంట్లో ఉంటే సరే, లేకపోతే ఆంధ్రభారతి నిఘంటు శోధన ఫోనులోనే తెరుచుకుంటుంది. సంఖ్యాశాస్త్రం పేరుతో స్పెల్లింగులో ఒక ‘హెచ్’ కలుపుకోమనేవారి మాట వినకండి. విదురుణ్ని విధురుణ్ని చేసేది ఆ ఒక్క అక్షరమే. అదృష్టం లెక్కలకన్నా అర్థం ముఖ్యం.

మొదటి అర్థం దగ్గర ఆగిపోకండి. ఆడపిల్లకు ‘కృత్య’ అని పెడదామనుకున్నారనుకోండి. ‘చేయవలసిన పని’ అని ఉంటుంది, అది నిజమే. కానీ భాగవతంలో దుర్వాసుడు అంబరీషుడి మీద కోపంతో తన జడ పెరికి పుట్టించిన సంహారశక్తి పేరు కూడా కృత్యే. సుదర్శన చక్రం దాన్ని కాల్చివేసింది. కథ తెలిసిన తాతగారు ఆ పాపను ఏ నోటితో పిలుస్తారు? వానాకాలంలో పుట్టిందని ‘నైరుతి’ అని పెట్టాలనుకునేవారూ ఉంటారు. ఆ రుతుపవనాలు మనకు అన్నం పెట్టేవే. అయినా ఆ దిక్కుకు పేరిచ్చిన నిరృతి వినాశానికి దేవత, అమరకోశంలో నైరృతుడంటే రాక్షసుడు.

పెంటయ్య, పుల్లయ్య పేర్లకు మాత్రం ఈ పరీక్ష పెట్టకండి. పుట్టిన బిడ్డలు దక్కకుండా పోతుంటే, ఈ ఒక్కడైనా బతకాలని పెంటకుప్ప మీద దొర్లించి, ఎంగిలి విస్తరిలో వేసి పెట్టుకున్న పేర్లవి. అర్థం తెలిసి, కడుపుకోతతో పెట్టినవి. నా అభ్యంతరమంతా తెలియక పెట్టే పేర్ల మీదే.

3. ఇంటిపేరుతో కలిపి, గట్టిగా చదవండి. వినయ్ చక్కని పేరు. ఇంటిపేరు నక్కా అయితే బడిలో హాజరు పిలిచిన ప్రతిసారీ ‘నక్క వినయం’ వినిపిస్తుంది. కుదించి కూడా పిలిచి చూడండి. అనఘ అంటే పాపం లేనిది. అందులో ‘అన్’ తీసేస్తే ‘అఘ’, అంటే పాపమే మిగులుతుంది కాబట్టి ముద్దుపేరు ‘అను’ అని ముందే అలవాటు చేయండి. పెద్దావిడ అవసరం ఇక్కడే.

4. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండేవారు ఇంగ్లిషులోనూ రాసి చూసుకోవాలి. హర్షిత్, రక్షిత్, అక్షిత్ మనకు మంచి పేర్లే. అక్కడి తరగతి గదిలో మాత్రం చివరి నాలుగు అక్షరాలు మలానికి వాడే బూతుమాటగా కనిపిస్తాయి. ‘హర్ష’ అని ఆపేస్తే సరిపోతుంది.

5. ఆసుపత్రిలో తొందరపడకండి. జననాన్ని 21 రోజుల్లోగా తెలియజేయాలి గానీ, పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. 12 నెలల్లోగా పేరు చేర్పిస్తే రుసుము ఉండదు.

బారసాల నాడు పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో రాసేటప్పుడు, మొదట రాసుకున్న కాగితాన్ని పక్కన పెట్టుకుని ఒత్తులు చూస్తూ రాయండి. జనన నమోదు కార్యాలయానికీ ఆ కాగితాన్నే తీసుకువెళ్లండి.