నాలుగు హౌసులు, ఒక ముగ్గుపిండి బస్తా

జూన్‌లో బడి తెరిచిన వారానికే హెచ్‌ఎం గారు పిలిచి "ఈసారి హౌస్ పోటీలు మీరే చూడాలి" అన్నారా? టెన్షన్ పడకండి. బడి పిల్లలందర్నీ నాలుగు హౌసులుగా, అంటే నాలుగు బృందాలుగా పంచి ఏడాది పొడవునా పెట్టే పోటీలివి. ఇరవై ఏళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా, అంటే ఆటల టీచరుగా చేస్తున్నాను, ఈ పని నా నెత్తిన పడని ఏడాది లేదు. నాకు అర్థమైంది ఒక్కటే. ఏ హౌస్ గెలుస్తుందో దసరా సెలవులకే తెలిసిపోతే ఆ ఏడాది పోటీలు అక్కడితో అయిపోయినట్టే. మిగతా మూడు హౌసుల పిల్లలు మీరెంత విజిల్ ఊదినా చెట్టు కింద నుంచి లేవరు. కాబట్టి ఏం చేసినా లెక్క ఫిబ్రవరి దాకా తేలకుండా చేయాలి.

అది పిల్లల్ని విడదీయడంతోనే మొదలవుతుంది. ఒకసారి నేను ఊళ్లవారీగా విడదీశాను, ఒకే ఆటోలో వచ్చే పిల్లలు ఒకే హౌస్‌లో ఉంటే సాయంత్రం ప్రాక్టీసుకి కలిసి ఆగుతారు కదా అని. కబడ్డీ ఫైనల్ కాస్తా రెండు ఊళ్ల తగాదా అయి కూర్చుంది. మర్నాడు ఇద్దరు తండ్రులు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చారు. అప్పటి నుంచి ప్రతి తరగతిలో మగపిల్లల్ని విడిగా, ఆడపిల్లల్ని విడిగా 50 మీటర్లు పరుగెత్తిస్తున్నాను. వచ్చిన వరుసలో పేర్లు రాసి పాము మెలికలా పంచుతాను. మొదటి నలుగురు కృష్ణ, గోదావరి, పెన్నా, నాగావళి. తర్వాతి నలుగురు వెనక నుంచి: నాగావళి, పెన్నా, గోదావరి, కృష్ణ. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఉంటే మాత్రం ఒకే హౌస్‌లో పెడతాను. లేకపోతే రాత్రి అన్నాల దగ్గర కూడా మ్యాచ్ నడుస్తుంది.

పేర్లు నదులవే ఎందుకంటే, ఇంతకు ముందు నాయకుల పేర్లుండేవి. పోటీ వేడెక్కాక పిల్లలు "నెహ్రూ డౌన్ డౌన్" అని అరుస్తుంటే, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి మరీ చూసేవారు. నవోదయ బడుల్లో ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని కొండల పేర్లు పెట్టుకున్నది ఇందుకేనేమో.

కెప్టెన్లుగా తొమ్మిదో తరగతి వాళ్లనే పెట్టండి, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. పదో తరగతి వాళ్లు డిసెంబరు దాటాక స్పెషల్ క్లాసుల్లో ఉంటారు, మీకు కంటికి కనిపించరు.

ఇక పాయింట్లు. ఒక్కరు ఆడేవాటికి 5, 3, 1. జట్టుగా ఆడేవాటికి 10, 6, 4, 2. అంటే ఆఖరున నిలిచిన జట్టుకి కూడా ఏదో ఒకటి వస్తుంది. క్విజ్‌కీ బృందగానానికీ కబడ్డీతో సమానంగా 10 ఇవ్వండి. "ఆటకీ పాటకీ ఒకటే లెక్కా మేడం?" అని కబడ్డీ పిల్లలు సణుగుతారు, సణగనివ్వండి. అన్నిటికంటే ముఖ్యమైనది హాజరు పాయింటు. ఏడాదిలో ఏదో ఒక పోటీలో దిగిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ హౌస్‌కి ఒక పాయింటు, ఒక్కసారే. మా బడిలో 240 మంది ఉన్నప్పుడు హౌస్‌కి 60 మంది వచ్చారు. ఆ 60 పాయింట్లు ఆరు కబడ్డీ కప్పులతో సమానం. ఇది తెలిశాక కెప్టెన్లు ఆడేవాళ్ల వెంట పడడం మాని ఆడనివాళ్ల వెంట పడతారు. ఒక ఫిబ్రవరిలో గోదావరి కెప్టెన్ లిస్టు పట్టుకుని ఎనిమిదో తరగతి గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, మనవాళ్లలో నువ్వొక్కడివే మిగిలావు, కనీసం చెంచా నిమ్మకాయలోనైనా పరుగెత్తరా" అని బతిమాలుతున్నాడు. వాడు పరుగెత్తాడు. నిమ్మకాయ మూడు అడుగుల్లోనే కింద పడింది, పాయింటు మాత్రం వచ్చింది.

లెక్కని చిట్టీల మీద రాయకండి. ఒకసారి నా హ్యాండ్‌బ్యాగులో వ్యాసరచన ఫలితాల చిట్టీ పోయి, పెన్నా కెప్టెన్ నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ అమ్మాయిదే న్యాయం. ఒక లాంగ్‌బుక్ పెట్టండి, పోటీ అయిన వెంటనే నలుగురు కెప్టెన్ల చేత సంతకం చేయించండి, మర్నాడు ప్రేయర్‌లో చదివించండి.

ఏడాది పంపకం ఇలా: జూలైలో వానలు కాబట్టి చదరంగం, క్యారమ్స్. మండల స్థాయి స్కూల్ గేమ్స్ సెలక్షన్లు రాకముందే కబడ్డీ, ఖోఖో ముగించేయండి, ఎవరిని పంపాలో మీకే తెలుస్తుంది. నాలుగు జట్లకి నాకౌట్ వద్దు, లీగ్ పెట్టండి. ఆరు మ్యాచులు, రోజుకి రెండు చొప్పున మూడు సాయంత్రాలు. పిల్లలకి 15 నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో 5 నిమిషాలు, చీకటి పడేలోపు ఇళ్లకి పోతారు. ఆగస్టు 29 నాకు ఇష్టమైన రోజు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిందీ హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టిందీ ఆ తేదీనే. పొద్దున పద్యాల అంత్యాక్షరి, సాయంత్రం ఆటలు. పొద్దున వేమన పద్యాలు గడగడా చెప్పిన పిల్ల సాయంత్రం ఖోఖో స్తంభం దగ్గర దొరక్కుండా మెలికలు తిరుగుతుంటే తెలుగు సారు, నేను ఒకేలా మురిసిపోతాం. నవంబరు 14న నాటిక, డిసెంబరు 22న రామానుజన్ పేరు మీద లెక్కల క్విజ్, సంక్రాంతి సెలవులకి ముందు ముగ్గులు, జనవరి ఆఖర్న పరుగులు, ఫిబ్రవరి 28 సైన్స్ డే ప్రదర్శనతో ముగింపు. పరీక్షల వారాల్లో ఏమీ పెట్టొద్దు.

ముగ్గులకీ డాన్సుకీ న్యాయనిర్ణేతలుగా హౌస్ ఇన్‌ఛార్జి టీచర్లని కూర్చోబెట్టకండి, స్టాఫ్‌రూమ్‌లో కుర్చీలు విడివిడిగా జరిగిపోతాయి. పక్క ప్రైమరీ స్కూలు టీచరమ్మని పిలవండి.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ట్రాక్ దగ్గర. 90 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు నేల ఉంటే నాలుగు లేన్ల 200 మీటర్ల ట్రాక్ పడుతుంది, హౌస్‌కి ఒక లేను. ముందు 40 మీటర్ల పొడవు, 37.60 మీటర్ల వెడల్పుతో దీర్ఘచతురస్రం కొలవండి. 37.60 మీటర్ల భుజాలు రెండు ఉంటాయి కదా, ఒక్కోదాని సరిగ్గా మధ్యలో మేకు దిగ్గొట్టి, 18.80 మీటర్ల పురికొసతో బయటివైపు అర్ధచంద్రం తిప్పండి. ఆ రెండు అర్ధచంద్రాలూ, 40 మీటర్ల భుజాలు రెండూ కలిస్తే అదే లోపలి గీత. దాని నుంచి బయటికి 1.22 మీటర్లకొకటి చొప్పున మిగతా గీతలు వేసుకుంటూ పోండి. ముగ్గుపిండి వాడండి. సున్నం గాలికి లేచి పిల్లల కళ్లలో పడితే మంట.

నా మొదటి ఏడాది 200 మీటర్ల పరుగుకి నలుగుర్నీ ఒకే గీత మీద నిలబెట్టాను. నాలుగో లేనులో ఉన్న పిల్లాడు బయటి వంపు మీద ఇరవై మీటర్లకు పైగా ఎక్కువ పరుగెత్తి ఆఖరున వచ్చాడు. "నాకే దూరంగా ఉంది మేడం" అంటే కసిరేశాను. లెక్కల సారు పలక తీసుకుని చూపించాక గానీ నాకు ఎక్కలేదు. రెండో లేను వాడిని 7.04 మీటర్లు ముందు నిలబెట్టాలి, మూడో వాడిని అతనికంటే 7.67, నాలుగో వాడిని మళ్లీ 7.67 మీటర్లు ముందు. పూర్తి చుట్టు పరుగైతే గ్రౌండ్ చిన్నదైనా పెద్దదైనా ఇవే అంకెలు, లేను వెడల్పు 1.22 ఉంటే చాలు. మర్నాడు ఆ పరుగు మళ్లీ పెట్టాను. ఆ పిల్లాడు రెండో స్థానంలో వచ్చాడు, 3 పాయింట్లు.

షీల్డు ఇచ్చేశాక ఆ రెండు మేకుల్నీ పీకకండి. పైన రెండు అంగుళాల మట్టి కప్పి ఇటుక పెట్టండి. బయటికి కనిపిస్తే మేకలు కాసేవాళ్లు తాడు కట్టుకోవడానికి పట్టుకుపోతారు. ప్రహరీ గోడ నుంచి ఒక్కో మేకు ఎన్ని మీటర్లో లాంగ్‌బుక్ ఆఖరి పేజీలో రాసుకోండి.