లినక్స్ కంప్యూటర్‌కు ఇంటి వైఫై

పర్లాకిమిడి, బరంపురం వైపు పాత ఇళ్ల గోడలు బాగా మందం. రూటర్ వీధి గదిలో ఉండి, కంప్యూటర్ పెరటి గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సరిగా అందదు. అక్కడ 2.4 వాడండి. రూటర్ సెట్టింగుల్లో ఛానల్ 1, 6, 11లో రద్దీ తక్కువున్నది పెట్టండి.

ముందు కంప్యూటర్‌లోని వైఫై కార్డు పనిచేస్తోందో చూడాలి. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కొట్టండి. ‘సాఫ్ట్ బ్లాక్‌డ్’ పక్కన ‘యెస్’ ఉంటే ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ చాలు. ‘హార్డ్ బ్లాక్‌డ్’ అయితే ఆ కమాండ్ పనిచేయదు. ల్యాప్‌టాప్ మీదున్న వైఫై స్విచ్చే వేయాలి.

జాబితాలో వైఫై ఊసే లేదంటే చాలామటుకు డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) లేనట్టే. బ్రాడ్‌కామ్ చిప్పులతో ఈ తలనొప్పి ఎక్కువ. డ్రైవర్ దించడానికి నెట్ కావాలి కదా! ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని లాన్ కేబుల్‌లాగే చూస్తుంది.

ఆ తర్వాత నెట్‌వర్క్ గుర్తు నొక్కి, మీ వైఫై పేరు ఎంచుకుని, పాస్‌వర్డ్ ఇవ్వడమే. రూటర్‌లో భద్రత కనీసం డబ్ల్యూపీఏ2 ఉండాలి. డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతి అసలొద్దు, దాన్ని నిమిషాల్లో ఛేదించొచ్చు.

నెట్ మాటిమాటికీ తెగుతుంటే పవర్ సేవింగ్‌ను అనుమానించండి. నెట్‌వర్క్‌మేనేజర్ కాన్ఫిగ్ ఫైల్లో ‘వైఫై.పవర్‌సేవ్’ విలువ 2 (అంటే పవర్ సేవింగ్ ఆఫ్) చేసి, ఆ సర్వీసును రీస్టార్ట్ చేయండి.