పన్నెండింటి నీడతో ఒక పాఠం

మొదటిసారి ఈ పాఠాన్ని నేనే చెడగొట్టాను. జూలైలో పిల్లల్ని డాబా మీదికి పంపుతూ ‘నీడ పన్నెండింటికి అన్నిటికంటే పొట్టిగా ఉంటుంది’ అని ముందే చెప్పేశాను. అందరి నోటుపుస్తకాల్లోనూ 12:00 అనే ఉంది. ఒకదానిలో మాత్రం 12:20 కొట్టేసి 12:00 రాశారు. కొట్టేసిన అంకే సరైనది!

ఇప్పుడు నవంబర్ మొదటి వారంలో, నోరు మెదపకుండా మొదలుపెడతాను. ఇసుక నింపిన పాత రంగు డబ్బాలో మీటరు పొడవు పైకి కనిపించేలా కర్ర నిలపండి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే కర్ర వాలిందో లేదో తెలుస్తుంది. నీడ అతి పొట్టిగా ఉన్న క్షణాన్ని నేరుగా పట్టుకోబోతే దొరకదు. అప్పుడు కొన్ని నిమిషాలపాటు పొడవు మారినట్టే ఉండదు. అందుకని కర్ర మొదలు కేంద్రంగా 70 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో సుద్దముక్కతో వలయం గీయించండి. నీడ కొన వలయాన్ని లోపలికి దాటిన సమయం, మళ్లీ బయటికి దాటిన సమయం రాయించండి. మాకు 11:06, 12:54 వచ్చాయి. మధ్య సమయం సరిగ్గా 12:00. పిల్లలు సంబరంగా సిద్ధాంతం రాసి గోడకు అంటించారు. అంటించనివ్వండి.

ఫిబ్రవరి రెండో వారంలో మళ్లీ అదే కర్ర, అదే వలయం. పొట్టి నీడ పొడవు దాదాపు అంతే, కానీ సమయం 12:30! ముందు కర్రను అనుమానిస్తారు, తర్వాత ఫోనును, ఆ తర్వాత ఒకరినొకరు. మర్నాడు మళ్లీ కొలిపించండి.

అప్పుడు పటం తీయండి. మన గడియారం కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశానిది. మా బడి ఉన్న హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 16 నిమిషాలు ఆలస్యం. ‘మరి రెండుసార్లూ 12:16 రావాలి కదా సార్?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చేదాకా, ఈ తేడాకు కారణమైన భూమి అక్షం వంపు, దీర్ఘవృత్త కక్ష్యలో మారే వేగం గురించి ఎత్తవద్దు.

ఈ రెండింటి ప్రభావం ఏప్రిల్ 15 ప్రాంతంలో దాదాపు సున్నా. కాబట్టి ఆ రోజు 12:16 రావాలని ముందే రాయించి కొలిపించండి. అప్పటికి నీడ 14 సెంటీమీటర్లే, వలయానికి 20 చాలు. ఒంటిపూట బడి గంట పన్నెండున్నరకే కొడతారు, రెండో గుర్తు 12:50కి గాని పడదు. ఉండేవాళ్లనే ఉంచండి, గచ్చు కాలుతుంది, చెప్పులు విప్పనివ్వకండి.